పార్ట్‌నర్‌షిప్పా, ఎల్‌ఎల్‌పీనా, ప్రైవేట్ లిమిటెడా?

ఇద్దరు కలిసి వ్యాపారం మొదలుపెట్టే ముందు అడిగే ప్రశ్నే ఇది (ఎల్‌ఎల్‌పీ అంటే పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థ). ఈ మధ్య మరీ ఎక్కువగా అడుగుతున్నారు కాబట్టి ఒకేచోట రాసేస్తున్నాను.

ఖర్చే చూసుకుంటే పోటీయే లేదు, పార్ట్‌నర్‌షిప్పే చవక. డీడ్ (భాగస్వామ్య ఒప్పందం) రాయించి, పాన్ తీసుకుని, బ్యాంకులో ఖాతా తెరిస్తే పనైపోతుంది. 1932 నాటి పార్ట్‌నర్‌షిప్ చట్టం ఫర్మ్‌ను రిజిస్టర్ చేయించి తీరాలని కూడా అనదు. కానీ చేయించకపోతే, బాకీ ఎగ్గొట్టిన పార్టీ మీద వాళ్లతో ఉన్న ఒప్పందం కింద ఫర్మ్ దావా వేయలేదు (సెక్షన్ 69). ఆ పార్టీ మాత్రం మీ మీద వేయొచ్చు! 2 కోట్ల లోపు టర్నోవర్‌కు అందులో కొంత శాతాన్నే లాభంగా అంచనా కట్టి పన్ను కట్టే వెసులుబాటు ఫర్మ్‌కు ఉంది, ఎల్‌ఎల్‌పీకి లేదు. ఇది పార్ట్‌నర్‌షిప్‌కు గట్టి పాయింటే.

నా లెక్కలో మాత్రం అసలు సంగతి తేల్చేది ఖర్చూ కాదు, పన్నూ కాదు. రెండో మనిషి సంతకం. బావా బావమరుదులు కలిసి పప్పు మిల్లు పెట్టారనుకోండి. బావమరిది ఫర్మ్ పేరు మీద 30 లక్షల కందులు అరువుకు తెచ్చాడు. బావకు చెప్పకపోయినా, మిల్లు వ్యాపారంలో మామూలుగా జరిగే పనే కాబట్టి ఆ బాకీ ఇద్దరిదీ. బావకు లాభంలో పావలా వాటాయే అయినా సరే, సరుకిచ్చినవాడు మొత్తం బాకీ ఆయన దగ్గరే వసూలు చేసుకోవచ్చు. ఇల్లు, పొలం ఎవరి పేరున ఉంటే వాళ్ల మీదకే వస్తాడు. ఆ తర్వాత బావమరిది దగ్గర అతని వంతు రాబట్టుకోవడం బావ తలనొప్పి. మన ఇళ్లలో ఆ పంచాయితీ ఎక్కడిదాకా పోతుందో తెలిసిందే.

2008 చట్టంతో వచ్చిన ఎల్‌ఎల్‌పీలో ఈ చిక్కు లేదు. భాగస్వామి సంస్థకే ఏజెంటు, తోటి భాగస్వామికి కాదు. మోసానికి పాల్పడితే తప్ప, సంస్థ మునిగినా మీరు పెడతానన్న పెట్టుబడితో సరి. ప్రైవేట్ లిమిటెడ్‌లోనూ ఇంచుమించు ఇదే రక్షణ. అయితే రెండింటిలోనూ ఒక మెలిక ఉంది. లోనుకు వెళ్తే బ్యాంకు సాధారణంగా మీ వ్యక్తిగత హామీ అడుగుతుంది. అక్కడ సంతకం పెట్టాక ఆ అప్పు వరకు ఈ రక్షణ లేనట్టే. సరుకు బాకీలకు, నష్టపరిహారాల దావాలకు మాత్రం పనికొస్తుంది.

కంపెనీకి రూపాయి వ్యాపారం జరగకపోయినా ఆడిట్ తప్పదు. వార్షిక ఫారాలు ఆలస్యమైతే ఒక్కోదానికి రోజుకు 100 రూపాయలు. ఎల్‌ఎల్‌పీకి మే 30 లోపు ఫారం 11 (వార్షిక రిటర్ను), అక్టోబర్ 30 లోపు ఫారం 8 (లెక్కల పత్రం). టర్నోవర్ 40 లక్షలు, పెట్టుబడి 25 లక్షలు రెండూ దాటకపోతే ఎల్‌ఎల్‌పీ చట్టం కింద ఆడిట్ అక్కర్లేదు. బయటి ఇన్వెస్టర్లకు షేర్లు ఇచ్చే ఆలోచన ఉంటే నేరుగా ప్రైవేట్ లిమిటెడ్‌కే వెళ్లండి. పైగా కంపెనీకి 22 శాతం పన్ను ఎంచుకునే వీలుంది, మిగతా రెండింటికీ 30.

ఒక్కరే అయితే ప్రొప్రైటర్‌గా మొదలుపెట్టండి. ఏకవ్యక్తి కంపెనీ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

కుటుంబంలోనో స్నేహితుల మధ్యో పెట్టే మిల్లు, షాపు, ఏజెన్సీ అయితే నా ఓటు ఎల్‌ఎల్‌పీకే. కాకపోతే ఒప్పందం వివరంగా రాయించి, 30 రోజుల్లో ఫారం 3 దాఖలు చేయండి. వాటాల సంగతి అందులో లేకపోతే చట్టం మొదటి షెడ్యూలే వర్తిస్తుంది. అప్పుడు 80 శాతం పెట్టుబడి మీదే అయినా లాభం మాత్రం చెరిసగం.