ఏది కఠినం: ఏకబిగి పరుగా, అంచెల పరుగా?

2003లో మొదలైన యూటీఎంబీ (అల్ట్రా ట్రైల్ డ్యు మౌంట్ బ్లాంక్) అనే కొండ పరుగు ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్‌ల మీదుగా మౌంట్ బ్లాంక్ పర్వత శ్రేణిని చుట్టి వస్తుంది. దూరం సుమారు 170 కిలోమీటర్లు, ఎక్కవలసిన ఎత్తు మొత్తం దాదాపు 10,000 మీటర్లు. గడియారం ఒకసారి మొదలైతే గమ్యం చేరేదాకా ఆగదు. మొరాకోలోని సహారాలో జరిగే మారథాన్ దె సాబ్ల్‌లో మాత్రం తిండినీ పడకనూ వీపున మోస్తూ, సుమారు 250 కిలోమీటర్లను కొన్ని రోజులపాటు అంచెలంచెలుగా పూర్తిచేస్తారు.

కొండ పరుగులో ఎక్కుడు ఊపిరిని పరీక్షిస్తే, దిగుడు తొడలను పిండేస్తుంది. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే ఒంటి బరువును ఆపవలసి వస్తుంది గనుక, దానిలోని పోగులు సూక్ష్మంగా చిట్లుతాయి. రక్తం కాళ్లకు మళ్లడంతో కడుపు మొరాయిస్తుంది, చిన్న అరటిపండు ముక్క కూడా గొంతు దిగదు. నిద్రలేని రెండో రాత్రి తలదీపం వెలుగులో బండరాళ్లు కూర్చున్న మనుషుల్లా కనిపించడం చాలామందికి అనుభవమే.

ఎడారిలో రాత్రి విశ్రాంతి దొరుకుతుంది. అయితే ఇసుక రాపిడికి అరికాళ్లు బొబ్బలెక్కుతాయి. చెమటతో ఉప్పు పోతుండగా ఉత్త నీళ్లే అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

శరీరానికి ఏకబిగి కొండ పరుగే కఠినమని నా అభిప్రాయం. మనసు విషయంలో అంత తేలిగ్గా తీర్పు చెప్పలేను, ఎందుకంటే వాచిన పాదాన్ని తెల్లవారుజామున మళ్లీ అదే బూటులోకి తోయడానికి కావలసిన నిబ్బరం వేరు.