కాలేజీలో కౌన్సెలర్ ఉద్యోగమా, సొంత గదా: ఏది మేలు?

మొన్న ఒక అమ్మాయి ఫోన్ చేసింది. సైకాలజీలో ఎంఎస్సీ అయిపోయింది. ఒక ఇంజినీరింగ్ కాలేజీ నెలకు 28 వేలిస్తాం, స్టూడెంట్ కౌన్సెలర్‌గా రమ్మంటోందట. ఇంకోపక్క స్నేహితురాలేమో ఇద్దరం కలిసి గది అద్దెకు తీసుకుని సొంతంగా కౌన్సెలింగ్ చేద్దాం, ఒకరి కింద పనిచేయడమెందుకు అంటోందట. "ఏది మేలక్కా?" అని అడిగింది. నేను ఆరేళ్లు హైదరాబాద్ శివార్లలో ఒక కాలేజీలో చేశాను. నాలుగేళ్లుగా దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక జిరాక్స్ షాపు పైగదిలో కూర్చుంటున్నాను. ఫోన్లో పది నిమిషాల్లో తేలే విషయం కాదు కాబట్టి రాస్తున్నాను.

ముందు కౌన్సెలింగ్ అన్న మాటతోనే ఒక చిక్కుంది. మన దగ్గర కౌన్సెలింగ్ అంటే ఎంసెట్ ర్యాంకు వచ్చాక వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడం. ఎంసెట్ పేరు ఈఏపీసెట్‌గా మారినా జనం నోట్లో మాట మారలేదు. అది కాకపోతే, తాగి బండి నడిపినవాళ్లను పోలీసులు కూర్చోబెట్టి చెప్పేది. కాలేజీలో చేరిన మొదటి వారంలోనే ఒక తండ్రి సర్టిఫికెట్ల ఫైలు నా బల్ల మీద పెట్టి "మావాడికి సీఎస్ఈ వస్తుందా మేడమ్?" అన్నాడు. ఆ మర్నాడు కబురు పెడితే వచ్చిన ఫస్టియర్ అమ్మాయి గుమ్మంలోనే నిలబడి "నేనేం తప్పు చేశాను మేడమ్?" అంది. ఈ ఉద్యోగంలో మొదటి ఏడాదంతా మనం ఎవరం కాదో చెప్పుకోవడంతోనే సరిపోతుంది. సొంత గదిలో ఈ బాధ తక్కువ. డబ్బులిచ్చి వచ్చేవాళ్లు ఎందుకొస్తున్నారో తెలిసే వస్తారు.

కానీ అసలు తేడా కూడా అక్కడే ఉంది. డబ్బులిచ్చేది ఎవరు?

నా గదికి పిల్లలు తమంతట తాము రావడం అరుదు. తల్లి ఫోన్ చేస్తుంది, తల్లిదండ్రులిద్దరూ వెంటబెట్టుకుని వస్తారు. గంటకు నేను తీసుకునే 700 వాళ్ల చేతిలోంచి వస్తుంది. వాళ్లకు కావలసిన జవాబు కూడా వాళ్ల దగ్గరే సిద్ధంగా ఉంటుంది. "మా మాట వినట్లేదు, మీరు చెబితే వింటాడు మేడమ్" అంటారు. బైపీసీ వద్దంటున్న పిల్లాడి చేత మళ్లీ నీట్ రాయించే పూచీ నాదన్నమాట. మొదటి అరగంట తల్లిదండ్రులను కింద టీ కొట్టు దగ్గర కూర్చోబెడితే తప్ప ఆ పిల్లాడు నోరు విప్పడు.

కాలేజీలో ఆ మధ్యవర్తి లేడు. పిల్లలకు పైసా ఖర్చు లేదు. క్లాసుకీ క్లాసుకీ మధ్య వచ్చిపోవచ్చు. మనసు బాగాలేదని ఎవరూ రారు, కెరీర్ సాకుతోనే వస్తారు. థర్డియర్ అబ్బాయి ఒకడు గేట్ (ఎంటెక్ ప్రవేశ పరీక్ష) రాయనా, ఉద్యోగాలకు ప్రయత్నించనా అని వచ్చాడు. ఇరవై నిమిషాలు బ్రాంచిల గురించి, ప్రభుత్వరంగ సంస్థల్లో గేట్ స్కోరుతో వచ్చే ఉద్యోగాల గురించి మాట్లాడుకున్నాం. బుద్ధిగా నోట్ చేసుకున్నాడు. బయట చెప్పులేసుకుంటూ, తల వంచుకునే "ఏడు బ్యాక్‌లాగ్స్ ఉన్నాయి మేడమ్. ఇంట్లో అన్నీ క్లియర్ అనుకుంటున్నారు. దసరాకి ఇంటికెళ్లలేదు" అన్నాడు. గేట్ సంగతి వాడికి అక్కర్లేదు, ఏడు పేపర్లు తప్పానన్న ఆ మాట చెప్పడానికే వచ్చాడు. ఆ తర్వాత ఏ పేపరు ఎప్పుడు రాయాలో కాగితం మీద వేసుకున్నాం. సంక్రాంతికి ముందు వాళ్ల నాన్నకు ఫోన్ చేసి వాడే చెప్పాడు. నేను పక్కన కూర్చున్నానంతే. సొంత గదిలో ఇలాంటివాడు నాకు ఒక్కడు కూడా తగల్లేదు. 700 ఎందుకని ఇంట్లో అడిగితే ఏం చెబుతాడు?

అందుకే కెరీర్ సలహా వేరు, మనసు సంగతి వేరు అని రెండు గదులు పెట్టే కాలేజీలంటే నాకు నమ్మకం లేదు. ప్లేస్‌మెంట్ ఆఫీసరు చూసేది ప్లేస్‌మెంట్లనే. ఆ గది గుమ్మంలో బ్యాక్‌లాగ్స్ గురించి ఎవరూ చెప్పరు.

ఇక రహస్యం. దీంట్లో కాలేజీ ఓడిపోతుంది, అనుమానం లేదు. నాకిచ్చిన గది ప్రిన్సిపాల్ ఛాంబర్ పక్కనే. బయట అటెండర్, అతని ముందు రిజిస్టరు: పేరు, రోల్ నంబరు, వచ్చిన పని. మొదటి నెలలో "వచ్చిన పని" గడిలో అందరూ ఒకటే రాశారు, బోనఫైడ్ సర్టిఫికెట్ అని! ఆ రిజిస్టరు తీయించడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. పిల్లవాడు అటు వెళ్లగానే "ఏమంటున్నాడమ్మా ఆ అబ్బాయి?" అని పైనుంచి అడిగేవాళ్లు. చెడ్డ ఉద్దేశంతో కాదు, ఫీజు బకాయి ఉందనో, హాజరు లేదనో. ప్రాణానికి ముప్పు ఉంటే తప్ప ఏమీ చెప్పనని ముందే రాసిచ్చి సంతకం చేయించుకున్నాను. చేరేముందే చేయించుకోవాల్సింది. ఇంటర్ పిల్లలతో పనిచేసేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. 18 ఏళ్లు నిండని పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలపాల్సిందే. అది కాలేజీలోనైనా సొంత గదిలోనైనా ఒకటే. "ఎవరికీ చెప్పను" అని ముందే మాటివ్వకూడదు.

అయితే రాత్రిపూట లెక్క తలకిందులవుతుంది. ఒకరోజు రాత్రి పదకొండున్నరకు హాస్టల్ అమ్మాయి ఫోన్ చేసింది, తన రూమ్మేట్ అందరికీ సారీ మెసేజ్‌లు పెడుతోందని. నేను పడకమీంచి లేచేలోపే మేట్రన్ ఆ గదిలో ఉంది. తెల్లవార్లూ పక్కనే కూర్చుంది. పొద్దున తల్లిదండ్రులొచ్చాక సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లాం. అంటే నా వెనక ఒక భవనం, కాపలా, మేట్రన్, అంబులెన్స్ అన్నీ ఉన్నాయి. ఇప్పుడు? పోయిన ఏడు ఇలాంటి ఫోనే వచ్చింది. పిల్లాడు వేరే ఊళ్లో హాస్టల్లో, నా దగ్గరున్నదల్లా వాళ్లమ్మ నంబరు. వాణ్ణి ఒక లైన్లో మాటల్లో పెట్టి, ఇంకో ఫోన్లో వాళ్లమ్మ చేత వార్డెన్‌ను నిద్ర లేపించేసరికి నా చేతులు వణికాయి. అప్పటినుంచి మొదటి రోజే హాస్టల్ నంబరు, ఒక స్నేహితుడి నంబరు తీసుకుంటున్నాను. టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 నంబరు కూడా కాగితం మీద రాసిస్తాను. కేంద్రం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు.

డబ్బు సంగతి తొందరగా చెప్పేస్తాను. కాలేజీ జీతం తక్కువైనా ఒకటో తారీఖున కాకపోయినా పదో తారీఖుకైనా వస్తుంది. సొంత గదిది మామిడి కాయల వ్యాపారం. ఇంటర్ ఫలితాల నుంచి సీట్ల కేటాయింపు దాకా కుర్చీ ఖాళీ ఉండదు, ఆ తర్వాత అద్దె మన జేబులోంచే. ఆ ఖాళీ నెలల్లోనే పరీక్ష. విదేశీ చదువుల కన్సల్టెన్సీ ఒకటి నా దగ్గరికొచ్చి, పంపిన ఒక్కో విద్యార్థికీ ఇంత అని కమీషన్ మాట్లాడింది. ఇంకొకాయన వేలిముద్రలు చూసి కెరీర్ చెప్పే మెషీన్ అమ్మజూపాడు. దానికి శాస్త్రీయ ఆధారం లేదని ఆయనకూ తెలుసు. రెండు సార్లూ కాదన్నాను కానీ, అద్దె కట్టాల్సిన వారంలో కాదనడం అంత తేలిక కాలేదు. కాలేజీలో ఈ బెడద లేదు, అక్కడ వేరేవి ఉన్నాయి. అడ్మిషన్ల సీజన్లో కరపత్రాలిచ్చి ఇంటర్ కాలేజీలకు పంపారు. ఇన్విజిలేషన్ వేశారు. కాలేజీలకు గ్రేడ్లిచ్చే నాక్ బృందం వస్తోందంటే మూడు వారాలు మెంటరింగ్ ఫైళ్లు రాయడమే పని.

మధ్యలో మూడో దారి కూడా అడిగింది ఆ అమ్మాయి, ఆన్‌లైన్ కౌన్సెలింగ్ యాప్‌లో చేరడం. పక్క ఆదాయానికి ఫర్వాలేదు. తలుపు అవతల ఎవరు నిలబడి వింటున్నారో తెలియని చోట మొదటి ఉద్యోగం వద్దన్నాను.

మరి ఏది మేలు? కొత్తవాళ్లకు కాలేజీయే అంటాను. కనీసం మూడేళ్లు. ఏడాదికి వందల మంది పిల్లల్ని చూడొచ్చు, ఏది మామూలు దిగులో ఏది డాక్టరు చూడాల్సిందో కంటికి అలవాటవుతుంది, తప్పు జరగబోతే పట్టుకోవడానికి నలుగురుంటారు. ఉద్యోగాలూ పెరుగుతాయి. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన 17 ఏళ్ల అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో తీర్పునిస్తూ, 100 మందికి తగ్గని విద్యార్థులున్న సంస్థలన్నీ కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో నియమించాలంది. పేరుకు గోడ మీద బోర్డు కోసం పెట్టుకునేదెవరో, పని కోసం పెట్టుకునేదెవరో మాత్రం మనమే పసిగట్టాలి. పదేళ్లు చేసినవాళ్లకు, వెనక ఒక సైకియాట్రిస్టు, ఇద్దరు తోటి కౌన్సెలర్లు అండగా ఉన్నవాళ్లకు సొంత గది బాగుంటుంది. నేనైతే రెండూ వదల్లేక, మంగళ శుక్రవారాలు మధ్యాహ్నం ఒక డిగ్రీ కాలేజీకి వెళ్తున్నాను.

జీతం గురించి బేరమాడొద్దు, గది ఎక్కడిస్తారో అడుగు అని చెప్పాను ఆ అమ్మాయికి. వెళ్లి చూసొచ్చింది. పరీక్షల విభాగం పక్కన, అద్దాల గది చూపించారట. లైబ్రరీ వెనక పాత కుర్చీలు పడేసిన స్టోర్ రూమ్ ఉంటే అది ఇమ్మని అడిగిందట. సోమవారం చెబుతామన్నారు.