బుడ్డల గోతాం మీద, వీపు వైపు నుంచి వేసిన బొమ్మ

అనంతపురంలో అమ్మకానికి పెట్టిన ఈ నైరూప్య చిత్రానికి పేరు లేదు. నాలుగడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు, ధర రూ.18,000. కాన్వాసు బదులు బుడ్డల (వేరుశనగ కాయల) గోతాం కోసి చట్రానికి బిగించారు. ముందు వైపు కుంచె తగల్లేదు. ఎర్రమట్టి రంగు మొత్తం వెనక నుంచి నొక్కితే గోనె కన్నాల్లోంచి ఇవతలికి వచ్చి సజ్జగింజల్లా నిలబడింది. కిందన ఎడమ పక్క గోతాం కుట్టు అలాగే ఉంచేశారు. దాని పైన సంచి మీది నీలం అచ్చక్షరాలు సగం రంగులో మునిగాయి, సగం ఇంకా చదవొచ్చు. మనసు పట్టేది ఈ మూలే.

పద్ధతి కొత్తదేం కాదు. దక్షిణ కొరియా చిత్రకారుడు హా చోంగ్‌హ్యున్ 1974 నుంచి ‘కంజంక్షన్’ వరసలో ఇలాగే వెనక నుంచి రంగు తోశారు. పాత గోనెలు కుట్టి బొమ్మ అనడం ఇటలీలో ఆల్బెర్తో బుర్రి 1950ల్లోనే చేశారు. కాబట్టి ఇక్కడ చూడాల్సింది ఆలోచన ఎవరిదని కాదు, పని ఎలా కుదిరిందని.

గోతాం ఎంపిక సరిగ్గా ఉంది. బియ్యం వచ్చే ట్విల్లు సంచి నేత బిగువు, రంగు దూరదు. దీని నేత వదులు. రంగు పాకం కూడా చాలామటుకు కుదిరింది. ట్యూబు ఆక్రిలిక్‌లో (నీళ్లతో కలిసే రంగు) దాన్ని చిక్కబరిచే మోడలింగ్ పేస్టు కలిపి గారెలపిండి మాదిరి చేస్తేనే గింజ నిలబడుతుంది. దోసెపిండిలా పలచనైతే ముందు వైపు చారలు కారతాయి, చపాతీ పిండిలా గట్టిపడితే వెనకే ఉండిపోతుంది. నూనె రంగు వాడకపోవడం మంచిపని. సైజు పూత, అంటే నూనె పీల్చకుండా ముందే వేసే జిగురు పూత, లేని నార మీద ఆ రంగులోని లిన్సీడ్ (అవిసె) నూనె పడితే రంగు చుట్టూ పసుపు మరక పాకుతుంది, ఏళ్లు గడిస్తే నార పెళుసెక్కి పొడిపొడిగా రాలుతుంది.

చెడింది కుడివైపు పై భాగం. అక్కడ గింజలు లేవు, ముద్దలున్నాయి, పోగులు పక్కకు జరిగాయి. కారణం ఎండ. మన మే నెల వేడికి ఆక్రిలిక్ నిమిషాల్లో మీగడ కడుతుంది. కట్టాక తాపీతో నొక్కితే రంగు రాదు, మీగడే చిరిగి వస్తుంది. పొద్దున్నే మొదలుపెట్టి, గోనె మీద నీళ్లు చిలకరించి, జానెడు జానెడుగా నొక్కుకుంటూ పోవాల్సింది.

చట్రం టేకు, నడుమ అడ్డకర్ర ఉంది. తడిసిన జనపనార సాగి, ఆరేటప్పుడు లాగుతుంది కాబట్టి అడ్డకర్ర లేకపోతే చట్రం మెలిక పడేది. మరి అంత చూసుకుని మామూలు స్టాపిలర్ పిన్నులెందుకు కొట్టినట్టు? తడికి తుప్పు పట్టి అంచుల్లో అప్పుడే గోధుమరంగు చుక్కలు దిగాయి.

ఇంకో రెండు సంగతులు మింగుడుపడవు. ముందు, వెనక అన్న లెక్కనే తిరగేసిన బొమ్మకి ముందు వైపు కుడిమూల తెల్లరంగుతో ఇంత పొడుగు సంతకమా! పైగా రూ.2,500 వేస్తే బంగారు పూత ఫ్రేము కూడా ఇస్తారట. తీసుకోకండి, చట్రం అంచు కనబడకపోతే గోనె మడతా కుట్టూ మూతబడిపోతాయి.

కొనేవాళ్లు వెనక తప్పక చూడాలి. తాపీ ఈడ్చిన గీతలన్నీ అక్కడున్నాయి, బొమ్మలో సగం అదే. అందుకని గోడకు ఆనించొద్దు. రెండంగుళాల చెక్కముక్కలు నాలుగు మూలలా పెట్టి తగిలిస్తే గాలి ఆడుతుంది, పురుగు చేరదు. బరువు ఎనిమిది కిలోల దాకా ఉంటుంది, ఒక్క మేకు చాలదు. సున్నం రాలే పాత రాతిగోడైతే డ్రిల్లుతో రాతిలోకే దించి రెండు స్క్రూలు బిగించాలి. కిటికీకి ఎదురుగా వద్దు, వెలుతురుకు జనపనార పసుపెక్కుతుంది. దుమ్ముకు మెత్తటి పొడి కుంచె చాలు. తడిగుడ్డ పెడితే దుమ్ము పోగుల్లోకి దిగి మరి రాదు.

బేరమాడేటప్పుడు ధర తగ్గించమనేకంటే ఆ పిన్నులు తీయించి రాగి మేకులు కొట్టివ్వమని అడగండి. గోనె మొత్తం విప్పక్కర్లేదు, ఒక పిన్ను పీకి దాని పక్కనే ఒక మేకు.