వినైల్ రిపేర్ కిట్: డాష్‌బోర్డ్‌కి ఓకే, సీటుకి మాత్రం ఆలోచించండి

నా పాత కారు డాష్‌బోర్డ్ మీద రెండు సన్నటి పగుళ్లు, డ్రైవర్ సీటు అంచున చిన్న చిరుగు ఉంటే, వాటికోసం మొత్తం కవరింగ్ మార్పించడం ఎందుకులే అని ఈ వినైల్ (తోలులా కనిపించే ప్లాస్టిక్ కవరింగ్) రిపేర్ కిట్ తెచ్చుకున్నాను. డబ్బాలో ఫిల్లర్ పేస్టు, చిన్న రంగు డబ్బాలు, చిరుగు కింద పెట్టే గుడ్డముక్క, తోలు గీతల అచ్చు పడే కాగితాలు, వేడి చేసి అద్దే చిన్న పనిముట్టు ఉన్నాయి.

మొదటిసారి నేను చేసిన తప్పు, శుభ్రం చేయకుండానే పేస్టు రాసేయడం. ఏళ్ల తరబడి కొట్టిన సిలికాన్ పాలిష్ మీద ఏదీ అంటదు, రెండో రోజుకే పెచ్చులా ఊడొచ్చింది. తర్వాత జిడ్డు వదిలించే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండుసార్లు తుడిచి, పల్చగా మూడు పూతలు వేసి, ఒక్కోటి పూర్తిగా ఆరాకే ఇంకోటి వేస్తే పగుళ్లు దాదాపు కనపడకుండా పోయాయి.

అసలు తలనొప్పి రంగు. ఎండకి వెలిసిన వినైల్ షేడ్ ఏ డబ్బాలోనూ ఉండదు, మనమే కలుపుకోవాలి, పైగా తడిగా ఉన్నప్పుడు సరిపోయిందనుకున్నది ఆరాక ముదురుగా తేలుతుంది. అందుకే సీటు కింద కనపడని చోట ఓ చుక్క పెట్టి, ఆరాక పగటి వెలుతురులో చూడండి. గీతల అచ్చు మాత్రం, నిజం చెప్పాలంటే, దగ్గరగా చూస్తే తేడా తెలిసిపోతుంది.

సీటు అంచు చిరుగు నెలలోపే మళ్లీ విచ్చుకుంది. ఎక్కి దిగేటప్పుడు ఒత్తిడంతా అక్కడే కదా, దానికి కుట్టు వేయించడమే దారి. కదలని చోట్లకైతే కొనుక్కోవచ్చు, అయిదుకి మూడున్నర ఇస్తాను.