అమ్మ మోకాళ్ళు, మా ఇంటి దగ్గరి ఆక్యుపంక్చర్ క్లినిక్

అమ్మ తెనాలి నుంచి ఆరు నెలలు ఉండేందుకు అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం బీవర్టన్‌లోని మా ఇంటికి వచ్చింది. మోకాళ్ళ అరుగుదల ఆమెకు పాతదే. ఇక్కడ పడకగదులన్నీ మేడ మీదే కావడంతో మెట్ల దగ్గర రోజూ అవస్థ. ఆమెకు తీసుకున్న ప్రయాణ బీమా పాత జబ్బులకు వర్తించదు. ఒంటికి సన్నని సూదులు గుచ్చి వైద్యం చేసే ఒక ఆక్యుపంక్చర్ క్లినిక్‌లో అడిగితే ఒక్కసారికి 120 డాలర్లు అన్నారు. అమ్మ మనసులోనే రూపాయల్లోకి లెక్క కట్టుకుని, "వద్దులే అమ్మాయీ, కాపడం పెట్టుకుంటాను" అంది.

ఆ తర్వాత దొరికింది ఈ కమ్యూనిటీ ఆక్యుపంక్చర్ క్లినిక్. తెరిచి ఏడాది కూడా కాలేదు. 25 నుంచి 50 డాలర్ల మధ్య ఎంత ఇవ్వగలమో మనమే నిర్ణయించుకోవచ్చు. జీతమెంతని అడగరు, కాగితాలు చూపించమనరు. ఈ పద్ధతికి పుట్టినిల్లు మా పక్కనున్న పోర్ట్‌లాండే. 2002లో లీసా రోలెడర్, ఆమె సహచరులు అక్కడ 'వర్కింగ్ క్లాస్ ఆక్యుపంక్చర్' అనే క్లినిక్ పెట్టి, కూలిపనివాళ్ళు కూడా వారం వారం రాగలిగేంత ధరకు వైద్యం చేయడం మొదలుపెట్టారు. 2011లో ఈ తరహా క్లినిక్‌లవాళ్ళు, రోగులు కలిసి ఒక సహకార సంఘం కూడా ఏర్పాటు చేసుకున్నారు.

ఇంత తక్కువకు ఎలా సాధ్యమో లోపలికి వెళ్ళగానే అర్థమవుతుంది. విడివిడి గదులు లేవు. ఒకటే పెద్ద హాలు, మసక వెలుతురు, వెనక్కి వాలే కుర్చీలు ఎనిమిది. అన్నీ పాతవి కొన్నవే, ఒకదానికొకటి పోలిక లేదు. గంటకు ఒక్కరినే చూస్తే అద్దె గడవడానికి వంద పైన అడగక తప్పదనీ, ఐదారుగురిని చూస్తే అందరికీ తగ్గించగలుగుతున్నాననీ క్లినిక్ పెట్టినావిడ చెప్పారు.

"పదిమందిలో ఎలా పడుకుంటాను?" అని అమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. నా భయమూ అదే. కానీ బట్టలు మార్చుకునే పనే లేదు. చెప్పులు విడిచి, చీర కుచ్చెళ్ళు కాస్త పైకి జరుపుకుంటే చాలు. సూదులు మోచేతుల కింద, మోకాళ్ళ కింద, చెవుల మీదే. కుడి మోకాలు నొప్పంటే ఎడమ మోచేతి దగ్గర గుచ్చారు! అమ్మ నా వైపు అనుమానంగా చూసింది. వెంట్రుకంత సన్నని సూది, చీమ కుట్టినట్టు ఉందట. పాదాల మీద దుప్పటి కప్పిన పది నిమిషాలకే నిద్రపోయింది. లేచాక, "వేసవిలో డాబా మీద అందరం వరసగా పడుకున్నట్టుంది" అంది. పరాయి దేశంలో, భాష రాని మనుషుల మధ్య అమ్మ అంత నిశ్చింతగా నిద్రపోవడం చూసి నాకు కళ్ళు చెమర్చాయి.

ఒక లోపం చెప్పాలి. మూడోసారి వెళ్ళి వచ్చాక ఇంట్లో జడ వేసుకుంటుంటే చెవి వెనక ఒక సూది చేతికి తగిలింది. ఫోన్ చేస్తే ఆవిడ క్షమాపణ చెప్పారు. అప్పటినుంచి ఎన్ని గుచ్చారో, ఎన్ని తీశారో పైకి లెక్కపెట్టి చెబుతున్నారు. మీరూ లెక్క చూసుకోండి. సూదులు మాత్రం ఒకసారి వాడి పారేసేవే, ప్రతిసారీ మన ఎదుటే పొట్లం విప్పుతారు.

ఇప్పటికి పదిసార్లు వెళ్ళాం. అరిగిన కీలు తిరిగి రాదు, ఎముకల డాక్టరు ఇచ్చిన మాత్రలూ మానలేదు. అయితే పద్నాలుగు మెట్లలో మూడుచోట్ల ఆగే మనిషి ఇప్పుడు ఒక్కచోటే ఆగుతోంది. గత వారం డబ్బు తనే ఇస్తానని 35 డాలర్లు తీసింది. 25 చాలమ్మా అంటే, "ఆ పక్క కుర్చీ అమ్మాయి హోటల్లో గిన్నెలు కడుగుతుందట. మనం కాస్త ఎక్కువే ఇద్దాం" అంది.

శనివారాలు రద్దీగా ఉంటుంది, మంగళవారం ఉదయం నయం. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పండి. ఖాళీ కడుపుతో మాత్రం వెళ్ళకండి, రెండు ఇడ్లీలైనా తిని వెళ్ళండి.