కోర్సు అనుకుని సంతకం పెట్టాను, అది లోన్ అని తర్వాత తెలిసింది: హనుమకొండ, వరంగల్ తల్లిదండ్రులు చూసుకోండి

ఎనిమిది, తొమ్మిది, పది చదివే పిల్లలున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. కోచింగ్ సెంటర్ పేరు రాయడం లేదు. బోర్డు మార్చుకోవడం వాళ్లకు ఒక్క రోజు పని. పద్ధతి మాత్రం మారదు, అందుకే జరిగింది జరిగినట్టు చెప్తాను.

నాకు చౌరస్తా దగ్గర చిన్న మ్యాచింగ్ సెంటర్ ఉంది. మీటరు లైనింగ్ గుడ్డ కొనడానికి రంగు పోతుందా, ఉతికితే ముడుచుకుంటుందా అని పది ప్రశ్నలు అడిగేవాళ్లతో రోజంతా నా పని. అలాంటిదాన్ని 72,000 రూపాయల కోర్సును ఒక్క ప్రశ్న కూడా సరిగ్గా అడగకుండా కొన్నాను.

మా బాబు అప్పుడు ప్రైవేటు బడిలో తొమ్మిదో తరగతి. లెక్కల్లో వెనకబడ్డాడు, మిగతావి ఫర్వాలేదు. జూన్ చివర్లో ఫోన్ వచ్చింది. ఉచిత స్కాలర్‌షిప్ టెస్ట్, తల్లిదండ్రులకు కెరీర్ సెమినార్, నక్కలగుట్ట వైపు ఫంక్షన్ హాల్లో అని. వెళ్లాం. టెస్ట్ రాసి బయటికొచ్చి మావాడు “సగం పేపర్ వదిలేశాను” అన్నాడు. రెండు రోజులకు 45 శాతం స్కాలర్‌షిప్ వచ్చిందని ఫోన్. పక్కింటి అమ్మాయి క్లాస్ ఫస్ట్, ఆమెకూ 45 శాతమే. అక్కడే అనుమానం రావాలి. నాకు సంతోషం వచ్చింది.

మర్నాడు సాయంత్రం ఇద్దరు ఇంటికే వచ్చారు. ఒకబ్బాయి లాప్‌టాప్‌తో, ఒకమ్మాయి ఫైలుతో. ముందు బాబు పది వేళ్లూ స్కానర్ మీద పెట్టించారు. వేలిముద్రలను బట్టి మెదడులో ఏ భాగం చురుగ్గా ఉందో, ఏ కెరీర్ సరిపోతుందో తెలుస్తుందట. మా అత్తమ్మ మంచం మీద కూర్చునే “ఏలి ముద్ర చూసి బతుకు చెప్తరా బిడ్డా? గిది సోది చెప్పినట్టే ఉన్నది” అన్నది. మేం నవ్వి ఊరుకున్నాం. ఆమె మాట వింటే సరిపోయేది. ఈ వేలిముద్రల పరీక్షను డీఎంఐటీ అంటారు. దీనికి శాస్త్రీయ ఆధారం లేదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీయే చెప్పింది. తర్వాత మా రిపోర్టు, పక్కింటి అమ్మాయి రిపోర్టు పక్కపక్కన పెట్టి చూశాం. నాయకత్వ లక్షణాల పేజీ అక్షరం పొల్లు పోకుండా ఒకటే. ఆ అమ్మాయి రిపోర్టులో ఒకచోట “మీ అబ్బాయి” అని కూడా ఉంది.

ఇక అసలు విషయం. “ఫీజు ఒకేసారి వద్దక్కా, 9,000 కట్టండి, మిగతా 63,000 నెలకు 3,500 చొప్పున 18 నెలలు. వడ్డీ లేదు. కానీ స్కాలర్‌షిప్ ఇవాళ్టి వరకే” అన్నది ఆ అమ్మాయి. రాత్రి తొమ్మిదిన్నర అయింది, వాళ్లు లేవరు, వంట కాలేదు. నా ఆధార్, పాన్ ఫొటోలు తీసుకుంది. నన్ను గోడ పక్కన నిలబెట్టి సెల్ఫీ తీసింది. తర్వాత నాలుగు ఓటీపీలు. “వెరిఫికేషన్ కోసమే అక్కా, నంబర్ ఒక్కటి చదవండి చాలు.” నేనూ నంబర్ ఒక్కటే చదివాను. నెలల తర్వాత ఆ మెసేజ్‌లు వెనక్కి జరిపి చూసుకుంటే రెండోదాంట్లో లోన్ అప్లికేషన్ అని ఇంగ్లిష్‌లో స్పష్టంగా ఉంది. చదవడానికి ఐదు సెకన్లు పట్టదు.

అంటే నేను సెంటర్‌కు నెలనెలా ఫీజు కట్టడం లేదు. ఒక ఫైనాన్స్ కంపెనీ నా పేరు మీద లోన్ ఇచ్చి, ఆ డబ్బంతా మొదటి వారంలోనే సెంటర్‌కు ఇచ్చేసింది. నేను కట్టేది ఆ అప్పు. పిల్లాడు క్లాసుకు వెళ్లినా మానేసినా, సార్లు వచ్చినా రాకపోయినా, సెంటర్‌కు పోయేదేమీ లేదు. ఇది అర్థమయ్యాక మిగతావన్నీ నాకు అర్థమయ్యాయి.

క్లాసుల సంగతి. వెనకబడిన పిల్లలకు విడిగా ఒక్కొక్కరికీ చెప్తామన్నారు, నేను చేర్చింది దానికోసమే. నాలుగు నెలల్లో లెక్కల సార్లు ముగ్గురు మారారు. డౌట్లు చెప్పడానికి కూర్చున్నది బీటెక్ చదువుతున్న పిల్లలు. పాపం వాళ్లకూ జీతాలు సరిగ్గా ఇవ్వలేదట. రోబోటిక్స్ ల్యాబ్ అన్నది 30 మందికి ఒక్క కిట్. మావాడు మొత్తం కోర్సులో ఒక ఎల్‌ఈడీ లైటు వెలిగించాడు, అదీ పక్కవాడు వైరు పెడితే. ఇండస్ట్రీ విజిట్ అని 500 తీసుకుని మడికొండ ఐటీ సెజ్ దాకా బస్సులో తీసుకెళ్లారు. గేటు ముందు ఫొటో దిగి, సమోసా తిని వచ్చారు. ఫొటో మాత్రం బాగా వచ్చింది, ఇప్పుడు వాళ్ల పాంప్లెట్ మీద ఉంది.

దసరాకు మా తమ్ముడు వచ్చాడు. వాడు జెడ్పీ హైస్కూల్లో టీచర్. భోజనాల దగ్గర ఆ రంగుల బ్రోచర్ తిరగేస్తూ ఒక్కసారిగా నవ్వాడు. “ఏందక్కా గిది, ఎన్‌టీఎస్‌ఈ కోచింగ్ కూడా ఇస్తమని రాసిన్రు, ఆ పరీక్షే ఆగిపోయింది గదా!” నిజమే. ఎన్‌టీఎస్‌ఈ అనే జాతీయ ప్రతిభా స్కాలర్‌షిప్ పరీక్ష పథకం గడువు 2021 మార్చితో అయిపోయింది, తర్వాత కేంద్రం దాన్ని ఆపేసింది. బ్రోచర్‌లో దాని కింద ఎన్‌ఎంఎంఎస్ అని ఉంది. అది ఎనిమిదో తరగతిలో రాసే స్కాలర్‌షిప్ పరీక్ష, సర్కారు, ఎయిడెడ్, స్థానిక సంస్థల బడుల పిల్లలకే. పాసైన పిల్లలకు తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000 వస్తాయి. మంచి పథకమే, కానీ ప్రైవేటు బడిలో తొమ్మిది చదివే మావాడు రాయడానికే లేదు. మూడోది బాసర ట్రిపుల్ ఐటీ ఎంట్రన్స్ కోచింగ్. బాసరలో సీట్లు పదో తరగతి మార్కులతోనే ఇస్తారు, ఎంట్రన్స్ ఎక్కడిది? ఒకటి లేని పరీక్ష, ఒకటి మాకు కాని పరీక్ష, ఒకటి అసలు పరీక్షే కాదు. మూడింటికీ డబ్బులు కట్టాను.

గవర్నమెంట్ గుర్తింపు ఉన్న సర్టిఫికెట్ ఇస్తామన్నారు కదా అని అడిగితే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కాగితం చూపించారు. అది చిన్న వ్యాపారాలవాళ్లు ఎవరైనా ఉచితంగా ఆన్‌లైన్‌లో చేసుకునేది. మా మ్యాచింగ్ సెంటర్‌కూ ఉంది. నా జాకెట్ ముక్కల నాణ్యతకు అది ఎంత గ్యారంటీయో, వాళ్ల కోర్సుకూ అంతే.

నాలుగో నెలలో మానిపిస్తానన్నాను. అగ్రిమెంట్ వెనక పేజీ చూపించారు: నాన్ రిఫండబుల్. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ సెంటర్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. పదహారేళ్లు నిండనివాళ్లను చేర్చుకోకూడదని, మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి ఫీజు లెక్కగట్టి పది రోజుల్లో వెనక్కివ్వాలని, ర్యాంకులు గ్యారంటీ అనకూడదని అందులో ఉంది. ఆ కాగితం ప్రింట్ తీసి పట్టుకెళ్లాను. మేనేజర్ చూసి “అవి రాష్ట్రాలకు ఇచ్చిన గైడ్‌లైన్స్ మేడం, చట్టం కాదు” అన్నాడు. చెప్పడానికి మనసొప్పదు గానీ, ఆ ఒక్క ముక్కలో అబద్ధం లేదు. ఫైనాన్స్ వాళ్లకు ఫోన్ చేస్తే “సెంటర్‌తో మాకు సంబంధం లేదు, లోన్ మీ పేరు మీద ఉంది” అన్నారు. కోపంతో ఒక నెల ఖాతా ఖాళీగా ఉంచాను. చెక్ బౌన్స్ అయినట్టే బ్యాంకు ఛార్జీ పడింది, సిబిల్ స్కోర్ తగ్గింది, షాపుకు తీసుకోవాలనుకున్న లోన్ మీద ఆ ప్రభావం పడింది. ఈ పని మాత్రం మీరు చేయకండి. గొడవ సెంటర్‌తో పెట్టుకోండి, ఈఎంఐ మాత్రం ఆపకండి.

నాకు పనికొచ్చింది వినియోగదారుల చట్టం. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. లేని పరీక్షకు కోచింగ్ అని అచ్చేసిన ఆ బ్రోచర్ ఫొటోనే గట్టి సాక్ష్యమైంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తానని, 5 లక్షల లోపు కేసుకు అక్కడ ఫీజు కూడా లేదని రాతపూర్వకంగా నోటీసు ఇచ్చాక మేనేజర్ స్వరం మారింది. ఆరు వారాల బేరం తర్వాత మిగిలిన లోన్ సెంటరే కట్టి మూసేసింది. నేను ఫైనాన్స్ కంపెనీ నుంచి లోన్ పూర్తయినట్టు ఎన్‌ఓసీ తీసుకునేదాకా వదల్లేదు. అప్పటికి కట్టిన 9,000, ఆరు ఈఎంఐలు కలిపి 30,000 పోయినట్టే.

ఎవరైనా ఇప్పటికే ఓటీపీ చెప్పేసి ఉంటే ఇవాళే చూసుకోండి. ఇలాంటి డిజిటల్ లోన్లకు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ నియమం. అందులో మొత్తం ఖర్చు, ఏడాది వడ్డీ రేటు, కూలింగ్ ఆఫ్ గడువు ఉంటాయి. ఆ గడువులో అసలు, ఆ కొద్ది రోజుల వడ్డీ కట్టేసి పెనాల్టీ లేకుండా బయటపడొచ్చు. నాదీ వచ్చిందట, ఆ అమ్మాయి మా ఇంట్లో కూర్చుని నా పేరున కొత్తగా తెరిచిన మెయిల్‌కు. దాని పాస్‌వర్డ్ కూడా నాకు తెలియదు.

మావాడు ఇప్పుడు పదిలో ఉన్నాడు. మా గల్లీలో రిటైర్డ్ లెక్కల సారు దగ్గరికి వెళ్తున్నాడు, నెలకు 800. ముందు ఆరో తరగతి భిన్నాల నుంచి మొదలుపెట్టించాడాయన, లోపం అక్కడుందట. సైన్స్‌కు టీ-శాట్ విద్య (రాష్ట్ర ప్రభుత్వ చానల్) పాఠాలు చూస్తాడు, అవి ఉచితం. పది తర్వాత పాలిటెక్నిక్ ఎంట్రన్స్ పాలిసెట్ రాయిద్దామనుకుంటున్నాం. అందులో అడిగేవి పదో తరగతి పాఠాలే. రాకపోతే ఐటీఐ ఉంది, దానికి పది మార్కులు చాలు.

ఇవాళ పొద్దున పేపర్ మధ్యలోంచి ఒక పాంప్లెట్ జారి పడింది. వచ్చే ఆదివారం, అదే ఫంక్షన్ హాలు, కొత్త పేరు, ఉచిత స్కాలర్‌షిప్ టెస్ట్. మడికొండ గేటు ముందు ఫొటోలో రెండో వరసలో మావాడే ఉన్నాడు.