గ్యాస్ ‘పాప్’: అడవి లేని సీమలో ఏళ్ల తరబడి విన్నాక

జర్మనీలోని కొలోన్ నగరానికి చెందిన ఎలక్ట్రానిక్ సంగీతకారుడు వోల్ఫ్‌గాంగ్ ఫోయిగ్ట్ ‘గ్యాస్’ పేరుతో 2000లో విడుదల చేసిన ‘పాప్’ ఆల్బమ్‌ను అనంతపురంలో ఏళ్ల తరబడి వింటున్నాను. దానిమీద వచ్చిన సమీక్షలను కూడా దొరికినంత వరకు చదువుతూ వచ్చాను. విమర్శకుల ప్రశంసతో నాకు పేచీ లేదు. అమెరికన్ సంగీత వెబ్ పత్రిక పిచ్‌ఫోర్క్ 2016లో ప్రకటించిన ఉత్తమ యాంబియంట్ (బాణీ కన్నా ధ్వని వాతావరణానికే ప్రాధాన్యమిచ్చే సంగీతం) ఆల్బమ్‌ల జాబితాలో దీనికి చోటు దక్కడం న్యాయమే. నా అభ్యంతరమల్లా ఆ సమీక్షల్లో చాలావరకు అడవి దగ్గరే ఆగిపోయాయని.

అందుకు కారణం లేకపోలేదు. యౌవనంలో కొలోన్ పక్కనున్న క్యోనిగ్స్‌ఫోర్స్ట్ అడవిలో ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందు తీసుకుని తిరిగిన అనుభవం ఈ సంగీతానికి మూలమనీ, అడవిని డిస్కోకు తీసుకురావాలన్నది తన ఆశయమనీ ఫోయిగ్టే చెప్పారు. అట్టమీద ఆకులూ కొమ్మలే కనిపిస్తాయి. గ్యాస్ ఆల్బమ్‌లలోని ధ్వనులకు వాగ్నర్, షోన్‌బెర్గ్ అనే పాశ్చాత్య శాస్త్రీయ స్వరకర్తల రచనల రికార్డుల తునకలు ముడిసరుకు. ఇన్ని ఆధారాలు ఎదురుగా ఉంటే సమీక్షకుడు పొగమంచు గురించీ, జర్మన్ రొమాంటిక్ సంప్రదాయం గురించీ రాయడం సహజమే.

కానీ సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ సీమలో, వేరుశనగ చేల నడుమ, బోడి గుట్టల పక్కన విన్నప్పుడు కూడా ఈ ఆల్బమ్ శక్తి రవ్వంతైనా తగ్గలేదు. కాబట్టి ఆ శక్తి అడవిలో కాక నిర్మాణంలోనే ఉందని నా నిశ్చయం. పేర్లు లేని ఏడు భాగాల్లో మొదటిదానిలో దరువు అసలే లేదు. దాదాపు 15 నిమిషాలు సాగే చివరిదానిలో బాస్ డ్రమ్ గోడ అవతల నుంచి వచ్చినట్టు ఒకే తీరున మోగుతూ ఉంటే, పైనున్న తీగల నాదం ఆ దరువుకు లొంగకుండా తన దారిన తాను పెరుగుతూ తరుగుతూ పోతుంది. ఆ రెంటి మధ్య తెగని బిగువే మనసును కట్టిపడేస్తుంది. ఏమీ జరగడం లేదని విసుక్కునే శ్రోతలూ ఉన్నారు. రామాలయంలో రాత్రంతా ఒకే నామం మీద సాగే అఖండ భజనలో కూర్చున్నవారికి మాత్రం పునరావృత్తి లోటుగా తోచదు. మాట మారకపోయినా గొంతుల బరువు ఘడియఘడియకూ మారుతుందని వారికి తెలుసు.

వినే సాధనం విషయంలో సమీక్షలు మౌనంగా ఉంటాయి గానీ, అనుభవంలో అదే ముఖ్యం. ఫోన్ స్పీకర్‌లో ఆ డ్రమ్ వినపడదు, కనుక చివరి భాగానికి అర్థమే ఉండదు. తక్కువ బిట్‌రేటు ఎంపీ3లో సన్నని హోరు రేకు చప్పుడులా మారుతుంది. ఎండాకాలం ఫ్యాను రొదలో సగం పొరలు మునిగిపోతాయి. చెవులను పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్లు తప్పవు.

ఒక లోపం మాత్రం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. ప్రతి భాగమూ మెల్లగా వినిపించి మెల్లగా మాయమవుతుంది. మనసు లయలో పడిన వేళకు నిశ్శబ్దం అడ్డు వస్తుంది. 2018 నాటి గ్యాస్ ఆల్బమ్ ‘రౌష్’ గంటసేపు తెగకుండా సాగేలా రూపొందింది గనుక ఆ ఇబ్బంది అక్కడ లేదు, అయితే ‘పాప్’లోని వెలుగు దానిలో లేదు. రెండింటిలో ఒకటే ఎంచుకోవలసివస్తే నేను ‘పాప్’నే ఎంచుకుంటాను.